కొలిమికి దూరమైన కొనుగోలుదారు

గృహప్రవేశం నాడు పాలు పొంగుతాయి, సత్యనారాయణ వ్రతం జరుగుతుంది, బంధుమిత్రులు భోజనాలు చేసి వెళతారు. మరునాటి ఉదయం కర్టెన్ల కడ్డీలు గోడకు బిగించవలసి వస్తుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి తాను పరదేశంలో ఉన్నానన్న సంగతి గట్టిగా తెలిసివచ్చేది ఆ ఉదయమే. తెనాలిలోనో వరంగల్లులోనో అయితే వీధి చివరి వడ్రంగికి కబురు చేస్తే చాలును. సంచి భుజాన వేసుకొని అతడే వస్తాడు; మేకు మొదలుకొని రంపం దాకా అన్నీ అతనివే. ఇక్కడ ఆ చిన్నపనికి మనిషిని పిలిస్తే చెల్లించవలసిన కూలి కడ్డీల ఖరీదును మించిపోతుంది. అందుచేత డాక్టరైనా ఇంజనీరైనా, పుట్టి బుద్ధెరిగిన నాటి నుండి సుత్తి పట్టి ఎరుగని పెద్దమనిషి ఆనాడు హార్డువేరు షాపు దారి పడతాడు.

అక్కడ ఆయనను మొదట ఆశ్చర్యపరచేది ధర. కుటుంబం ఒక పూట హోటలులో భోంచేసే ఖర్చుతో ఆరు స్క్రూడ్రైవర్లు, ఒక సుత్తి, ఒక కటింగ్ ప్లయర్, ఒక కొలత టేపు కలిసిన పెట్టె వస్తుంది. రెండవ ఆశ్చర్యం, దాని పక్కనే వేలాడుతున్న ఒకే ఒక స్క్రూడ్రైవరు ధర ఆ పెట్టె ధరలో సగం ఉండడం. చూపులకు రెండింటికీ భేదం కనబడదు. రెండింటికీ తళతళలాడే క్రోమియం పూత, రెండింటికీ రంగుల పిడి. అట్ట వెనుక చిన్న అక్షరాలలో చైనా అనో, తైవాన్ అనో, వియత్నాం అనో, భారతదేశం అనో అచ్చువేసి ఉంటుంది. కొన్నింటిపై “ప్రపంచ దేశాల ముడిసరుకుతో అమెరికాలో తయారైనది” అన్న విచిత్ర వాక్యం కూడా కనబడుతుంది. ఏది కొనవలెనో నిర్ణయించుకోవడానికి కొనుగోలుదారుకు మిగిలిన ఆధారం ఆ దేశం పేరొక్కటే. చైనా సరుకంటే మూన్నాళ్ళ ముచ్చట, అమెరికా సరుకంటే మనుమల దాకా మన్నిక అనే లెక్క ప్రవాస కుటుంబాలలో బలంగా నాటుకొని ఉన్నది. ఈ లెక్క సులువైనది. దీనిలో సత్యం పాలు మాత్రం బహు స్వల్పం. చైనా సరుకును ఈసడించే పెద్దమనిషి జేబులో ఉన్న వెయ్యి డాలర్ల ఫోను కూడా తరచు ఆ దేశంలోనే కూర్చబడినదై ఉంటుంది.

ఆరు నెలలు ఉండివెళ్ళడానికి స్వగ్రామం నుండి వచ్చిన తండ్రిగారు అటువంటి పెట్టెను తెరిచి, ఒక్కొక్క పనిముట్టును చేతిలో ఆడించి చూసే దృశ్యం అనేక ఇళ్ళలో జరిగేదే. “ఏమిరా, దీనికి పదును ఎవరు పెట్టారు?” అని ఆయన అడుగుతారు. “అదంతా ఫ్యాక్టరీలో పెడతారు నాన్నగారూ” అని కుమారుడు నవ్వుతాడు. “ఫ్యాక్టరీ అంటే ఎవరురా?” అన్న రెండవ ప్రశ్నకు అతని వద్ద జవాబుండదు.

సేద్యం చేసిన తరానికి ఆ ప్రశ్న సహజం. నాగటి కర్రు అరిగినా, కొడవలి మొద్దుబారినా రైతు దానిని పట్టుకొని స్వయంగా కమ్మరి కొలిమి వద్దకు వెళ్ళేవాడు. తిత్తి ఊదుతుండగా పక్కన కూర్చొనేవాడు. ఎంత ఎర్రగా కాల్చిందీ, ఎప్పుడు నీట ముంచిందీ కళ్ళారా చూసేవాడు. రెండవ నాటికే అంచు మడతపడితే మూడవ నాడు కమ్మరికి నలుగురిలో మాట పడేది. కాగితం మీద రాయని ఆ హామీ చాలా గట్టిది. దానిని గ్రామజీవితపు మధుర స్మృతిగా మాత్రమే తలచుకోవడం పొరపాటు. నాణ్యత ఎక్కడ నిర్ణయమవుతుందో ఆ చోట కొనుగోలుదారు నిలిచి ఉన్నాడన్నది అందులోని అసలు సంగతి.

దూరదేశపు వ్యాపారం నిన్నమొన్న పుట్టినది కాదు. తెలుగునాట ఉక్కు ఒకప్పుడు సముద్రాలు దాటిన సరుకు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మట్టి మూసలలో ఇనుమును కర్బనంతో కలిసేటట్లు కాల్చి, అధిక కర్బనం గల ఉక్కు ముద్దలను తీసేవారు. పాశ్చాత్యులు దీనిని ‘వూట్జ్’ అన్నారు. ‘ఉక్కు’ అన్న మాటకే అది వికృతి అని పండితుల అభిప్రాయం. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు గోల్కొండ రాజ్యపు తీరం నుండి ఈ ఉక్కును ఓడలకెక్కించారు. డమాస్కసు కత్తులుగా పేరుపడిన ఖడ్గాలకు భారతదేశపు ఉక్కే ఆధారం. లండనులో మైకేల్ ఫారడే 1819లో ఈ ఉక్కును రసాయనికంగా పరీక్షించి, ఆ మరుసటి ఏడు కత్తులు చేసే జేమ్సు స్టొడార్టుతో కలిసి ఉక్కు మిశ్రమాలపై పరిశోధన ప్రకటించాడు. 1824లో మరణించిన హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కోనసముద్రపు కొలుములను చూసి రాసిన వివరణ 1832లో కలకత్తాలో అచ్చయినది. ఇస్ఫహాను నుండి వచ్చిన పారశీక వర్తకుడొకడు ఆ ఊరిలోనే మకాం ఉండి ఉక్కు కొంటున్నాడన్న ముచ్చట అందులో ఉన్నది.

ఇస్ఫహాను వర్తకుడు అంత దూరం ఎందుకు వచ్చి కూర్చున్నాడు? ఉక్కు గుణం పైకి కనబడేది కాదు కనుక. ఈ సంగతి నేటి స్క్రూడ్రైవరుకూ అక్షరాలా వర్తిస్తుంది. మంచి స్క్రూడ్రైవరు కడ్డీకి వాడే ఉక్కులో రమారమి అర శాతం కర్బనం, ఒక శాతం క్రోమియం, అతి కొద్దిగా వెనేడియం ఉంటాయి. పిడి దగ్గర కనబడే ‘క్రోమ్ వెనేడియం’ అన్న ముద్రకు అర్థం ఇదే. ఆ ముద్ర ఉక్కు జాతిని చెబుతుంది గాని దానికి జరిగిన సంస్కారాన్ని చెప్పదు. కడ్డీని సుమారు 850 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చినప్పుడు లోపలి పరమాణువుల అమరిక మారి, కర్బనం ఇనుములో సమంగా కరుగుతుంది. ఆ స్థితిలో దానిని నూనెలో చటుక్కున చల్లార్చితే కర్బనం బయటికి వచ్చే వ్యవధి లేక లోపలే చిక్కుకొని, అమరికను బిగదీస్తుంది. ఫలితంగా ఉక్కు అతికఠినమవుతుంది. కాని అదే ఊపులో గాజువలె పెళుసుగా కూడా తయారవుతుంది. అందుకని దానిని మరల తక్కువ వేడిలో కొంతసేపు ఉంచి, కాఠిన్యాన్ని కొంత వదులుకొని గట్టిదనాన్ని సంపాదిస్తారు. ఈ రెండవ కాపుడులో పది నిమిషాలు తగ్గినా, కొలిమిలో ఒక మూల వేడి చాలకపోయినా కంటికి తెలియదు. క్రోమియం పూత అన్నింటినీ సమానంగా కప్పివేస్తుంది. బిగుసుకుపోయిన మరమేకుపై బలం ప్రయోగించిన నాడు ఒకటి మొన వంగుతుంది, ఒకటి ముక్కవుతుంది, ఇంకొకటి పని పూర్తిచేస్తుంది.

ఈ కాపుడు తైవాన్‌లోని తైచుంగ్ ప్రాంతంలోనూ బాగా జరుగుతుంది, జర్మనీలోని వుప్పర్తాల్‌లోనూ బాగా జరుగుతుంది, చైనాలోనూ బాగా జరుగుతుంది, అడిగినవాడు ఉంటే. అడగడమంటే ఫలానా ఉక్కు కావలెనని, ఫలానా కాఠిన్యం ఉండవలెనని, ప్రతి కాపులోనూ ఇన్నింటిని తీసి విరిచి చూడవలెనని కాగితం మీద రాసి, ఆ విధంగా జరిగినదా లేదా అని సరిచూసి, అందుకయ్యే ఖర్చు చెల్లించడం. ఒక్కొక్క పనిముట్టుపై ఈ ఖర్చు సెంట్లలోనే ఉంటుంది. అయినా లక్షల సంఖ్యలో కొనే కంపెనీకి ఆ సెంట్లే లాభనష్టాలు. అందుచేత ఒకే ఊరి ఫ్యాక్టరీలు, ఒక్కొక్కసారి ఒకే ఫ్యాక్టరీ, ఒక కంపెనీకి దశాబ్దాలు మన్నే రెంచిని, మరొక కంపెనీకి పండుగ కానుకల పెట్టెలో పడవేసే రెంచిని తయారుచేసి పంపగలవు. ఇస్ఫహాను వర్తకుని స్థానంలో నేడు కొలిమి దగ్గర నిలిచేది ఆ కంపెనీ కొనుగోలు అధికారి. అతడు అడిగినదే వస్తుంది. సీసా బాగులేదని ద్రాక్షతోటను తిట్టినట్లు, అతడు అడగనిదానికి ఒక దేశం మొత్తాన్ని నిందించడం న్యాయం కాదు.

అంత దూరం నుండి తెచ్చి అంత చవకగా అమ్మడం ఎట్లా సాధ్యమన్నది తరువాతి ప్రశ్న. దీనికి జవాబు ఒక ఇనుప పెట్టె. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్‌లీన్ అనే లారీ వ్యాపారి ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడపై 58 పెట్టెలను నెవార్కు నుండి హ్యూస్టనుకు పంపాడు. అప్పటి దాకా మూటలను, బస్తాలను, పీపాలను కూలీలు ఒక్కొక్కటిగా మోసి ఓడ నింపేవారు. టన్ను సరుకు ఎక్కించడానికి ఆ రోజులలో 5 డాలర్ల 86 సెంట్లు పట్టగా, ఈ పద్ధతిలో 16 సెంట్ల లోపే అయినది. దాని పర్యవసానం లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నలభై అడుగుల కంటైనరులో ఇరవై టన్నులు పట్టాయనుకుంటే, నూరు గ్రాముల స్క్రూడ్రైవర్లు రెండు లక్షలు వస్తాయి. అట్టపెట్టెలు తినే చోటు తీసివేస్తే లక్ష అనుకోవచ్చును. సముద్రం దాటించడానికి కంటైనరుకు రెండు వేల డాలర్లైతే ఒక్కొక్కదానిపై పడే రవాణా ఖర్చు రెండు సెంట్లు. కోవిడ్ కాలంలో, 2021లో, చైనా నుండి అమెరికా పశ్చిమ తీరానికి కంటైనరు ధర పది వేల డాలర్లు దాటినప్పుడు వర్తకలోకమంతా గగ్గోలు పెట్టినది. సోఫాల వంటి పెద్ద సామానుకు అది నిజంగా మోయలేని భారం. స్క్రూడ్రైవరుకు మాత్రం అప్పుడు కూడా పది సెంట్లే. షాపు నుండి ఇంటికి కారులో తెచ్చుకునే పెట్రోలు ఖర్చు పసిఫిక్ మహాసముద్రం దాటించే ఖర్చు కంటె ఎక్కువ!

దూరం ఖరీదు లేనిదైన తరువాత ఫ్యాక్టరీ కూలి తక్కువైన చోటికి, ఆ పైన నైపుణ్యమూ ముడిసరుకూ ఒకచోట పోగుపడిన చోటికి కదిలిపోతుంది. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన తరువాత ఈ కదలిక వేగం పుంజుకున్నది. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ బ్రిటన్ పట్టణానికి ‘హార్డువేరు నగరం’ అని పేరు. 1843లో ఫ్రెడరిక్ స్టాన్లీ అక్కడ తలుపు గడియల తయారీతో ప్రారంభించిన వ్యాపారమే నేటి స్టాన్లీ సంస్థ. అటువంటి ఊళ్ళలో తరతరాలుగా ఫ్యాక్టరీ పనినే నమ్ముకున్న కుటుంబాలకు కలిగిన నష్టం కొనుగోలుదారు బిల్లులో ఎక్కడా కనబడదు. తెలుగు పల్లెలలో కొలుములు చల్లారిన బాధ కూడా ఈ జాతిదే. అయితే ఆ కొలుములను ఆర్పినది చైనా కాదు. పంజాబు నుండి రైలులో వచ్చిన ఫ్యాక్టరీ కొడవళ్ళు, పారలు చైనా కంటె ముందే ఆ పని మొదలుపెట్టాయి.

పేర్ల సంగతి మరొక తమాషా. షాపులో ఎదురెదురుగా నిలిచి పోటీ పడుతున్నట్లు కనబడే పేర్లు అనేకం ఒకే తల్లి బిడ్డలు. స్టాన్లీ, బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థలు 2010లో ఏకమైనాయి. డీవాల్ట్, అర్విన్, లెనాక్స్ పేర్లు ఆ గూటివే. 1927 నుండి సియర్స్ దుకాణాల సొత్తుగా ఉన్న క్రాఫ్ట్స్‌మన్ పేరును 2017లో ఆ సంస్థే సుమారు 90 కోట్ల డాలర్ల ఒప్పందంతో కొన్నది. మిల్వాకీ అన్నది విస్కాన్సిన్ రాష్ట్రపు నగరం పేరే అయినా ఆ పనిముట్ల కంపెనీ 2005 నుండి హాంగ్‌కాంగ్‌కు చెందిన టెక్‌ట్రానిక్ సంస్థ చేతిలో ఉన్నది. రియోబి పేరిట అమెరికాలో అమ్ముడయ్యే ఆకుపచ్చ డ్రిల్లింగ్ మిషన్లు కూడా దానివే. ఇందులో మోసమేమీ లేదు. కాని దేశభక్తితోనో, తాతగారి కాలపు గురుతుతోనో ఒక పేరును ఎంచుకున్నానని భావించే కొనుగోలుదారు తాను ఎంచుకున్నది ఏమిటో ఒకసారి చూసుకోవడం మంచిది.

బ్యాటరీతో నడిచే డ్రిల్లింగ్ మిషన్ల దగ్గర ఈ చూపు మరింత అవసరం. ఒకే కంపెనీ అమెరికాలో ‘20 వోల్టుల మాక్స్’ అని అమ్మే మిషన్‌ను ఐరోపాలో ‘18 వోల్టులు’ అని అమ్ముతుంది. అమెరికా మిషన్‌కు బలం ఎక్కువేమో అని భ్రమపడనక్కరలేదు. రెండింటిలోనూ అయిదు లిథియం ఘటాలు వరుసగా ఉంటాయి. నిండుగా చార్జి చేసిన క్షణంలో ఘటానికి నాలుగు వోల్టులు, పని చేసేటప్పుడు సగటున 3.6 వోల్టులు. అయిదు నాలుగులు ఇరవై, అయిదు మూడున్నరల పైచిలుకులు పద్దెనిమిది. ఉన్న తేడా లేబులుదే. ఇంతకంటె పెద్ద చిక్కు, ఒక కంపెనీ బ్యాటరీ మరొక కంపెనీ మిషన్‌కు అమరకపోవడం. చవకగా వచ్చిన మొదటి డ్రిల్లింగ్ మిషన్‌తో కుటుంబం పదేళ్ళపాటు ఆ కంపెనీ రంపాలకు, దీపాలకు, ఆకులు ఊదే యంత్రాలకు కట్టుబడిపోతుంది. స్వదేశానికి వెళ్ళేటప్పుడు బావమరిదికి కానుకగా తీసుకువెళ్ళిన మిషన్‌కు చార్జరు 120 వోల్టులదైతే విజయవాడలో 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన మరుక్షణం దాని ఆయువు తీరిపోతుందన్నది వేరే చెప్పనక్కరలేదు.

‘అమెరికాలో తయారైనది’ అన్న మాటకు ఇక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కఠినమైన అర్థమే చెబుతున్నది. విశేషణాలేవీ లేకుండా ఆ మాట వేయవలెనంటే సరుకు సర్వం, లేదా దాదాపు సర్వం, ఈ దేశపుదై ఉండవలెను. 2021లో దీనిని నిబంధనగా కూడా ప్రకటించారు. మొదట చెప్పిన ‘ప్రపంచ దేశాల ముడిసరుకు’ వాక్యం అందుకే పుట్టినది. పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్‌లో 1886 నుండి ఉన్న చానల్‌లాక్ వంటి కొన్ని సంస్థలు ఈ దేశంలోనే కొట్టి, కాచి పనిముట్లు చేస్తున్నాయి. అవి మన్నికైనవి కూడా. అవి మన్నుతున్నది చేసేవారు, అమ్మేవారు ఒకరే కావడం వలన. కొలిమి, పేరు ఒకే ఇంట ఉండడం వలన.

ఫ్యాక్టరీని తిరిగి తీసుకురావడం ఎంత కష్టమో క్రాఫ్ట్స్‌మన్ ఉదంతం చెబుతుంది. టెక్సాసులోని ఫోర్ట్‌వర్త్‌లో సుమారు 9 కోట్ల డాలర్ల వ్యయంతో, స్వయంచాలక యంత్రాలతో, రెంచీలు, సాకెట్లు చేసే కర్మాగారం నిర్మిస్తామని 2019లో ప్రకటించారు. 2023లో దానిని మూసివేస్తున్నట్లు ప్రకటించారు. యంత్రాలు అనుకున్నంతగా పనిచేయలేదని ఆనాటి పత్రికలు రాశాయి. ఉక్కును కొట్టి మలచే విద్యలో అచ్చులు చెక్కేవారు, కొలిమి వేడిని చూపుతో పట్టేవారు, పూత వేసేవారు, అరిగిన అచ్చును ఆ పూటే సరిచేసేవారు, ఇందరు ఇరుగుపొరుగున ఉండవలెను. ఆ ఇరుగుపొరుగు చెదిరిపోయిన తరువాత రోబోలను కొని తెచ్చినా అది తిరిగి కూడదు.

సుంకాల వలన కూడదా అంటే, అదీ అనుమానమే. చైనా గొడ్డళ్ళు, సుత్తులు, గునపాల వంటి బరువైన పనిముట్లపై అమెరికా 1991లోనే ప్రత్యేక సుంకం విధించినది. 2018 నుండి చైనా వస్తువులు వేలకొలదిగా అదనపు సుంకాల కిందికి వచ్చాయి. దాని ఫలితంగా ఫ్యాక్టరీలు కొన్ని వియత్నాంకు, మెక్సికోకు కదిలాయి. 2025 ఆగస్టులో భారతీయ వస్తువులనేకంపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినది. ఆ అంకెలు ఆ తరువాత కూడా మారుతూ వచ్చాయి. సుంకం లెక్కకట్టేది షాపు ధరపై కాదు, రేవులో దిగిన ధరపై. పది డాలర్లకు అమ్మే వస్తువు రేవులో మూడు డాలర్లనుకుంటే, 25 శాతం సుంకం 75 సెంట్లు. ఆ 75 సెంట్లను కొనుగోలుదారు చెల్లించవచ్చును, లేదా కంపెనీ మింగవచ్చును. ఎవరికీ తెలియని మూడవ దారి ఒకటున్నది: ధర మార్చకుండా ఉక్కు జాతినో, కాపుడు సమయాన్నో ఒక మెట్టు దించడం. ధర పెరిగితే నలుగురూ చూస్తారు. కాఠిన్యం తగ్గితే చూసేవారు లేరు. ఈ మూడవ దారి గురించి వాణిజ్య చర్చలలో ఎవరూ మాట్లాడకపోవడం విచారకరం.

ఇక భారతదేశం వంతు. జలంధరు, లూథియానా పట్టణాలలో స్పానర్లు, ప్లయర్లు, సుత్తులు చేసే చిన్న పెద్ద ఫ్యాక్టరీలు ఎన్నో ఉన్నాయి. విదేశాలకు పోయే సరుకులో చాలా భాగం కొనేవారి పేరు ముద్రతోనే పోతుంది. హైదరాబాదు రాణీగంజిలో పేరు చెప్పి అడిగి కొనుక్కునే టపారియా స్పానరును తెలిసినవారు కూడా, అమెరికాలో తమ గరాజిలో వేరే పేరుతో వేలాడుతున్న స్పానరు జలంధరులో పుట్టినదేమోనని ఊహించరు. నీతి ఆయోగ్ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం భారతదేశపు చేతి పనిముట్ల ఎగుమతి సుమారు 60 కోట్ల డాలర్లు. ప్రపంచ వ్యాపారంలో అది 1.8 శాతం మాత్రమే. చైనా వాటా అందులో సగానికి దగ్గరగా ఉన్నది. చైనాతో పోల్చితే భారతీయ తయారీదారుకు 14 నుండి 17 శాతం దాకా ఖర్చు ఎక్కువవుతున్నదని ఆ నివేదికే అన్నది. ఒకనాడు ఫారడే బల్లపైకి చేరిన ఉక్కు పుట్టిన దేశానికి ఇది గర్వించదగిన అంకె కాదు. దీనికి విరుగుడు ‘స్వదేశీ కొనండి’ అన్న పిలుపు ఒక్కటే అయితే ప్రయోజనం తక్కువ. నియంత్రణ గల కొలుములు, కాఠిన్యాన్ని కొలిచే పరికరాలు, పరీక్షాశాలలు చిన్న ఫ్యాక్టరీలకు అందుబాటులోకి రావలెను. ఆ పైన తమ పేరును తామే ముద్రించుకొనే ధైర్యం రావలెను. వుప్పర్తాల్ ప్లయరుకు వచ్చిన గౌరవం జర్మను జెండా వలన వచ్చినది కాదు. దశాబ్దాల తరబడి ఒకే పేరు ఆ వస్తువుకు పూచీ పడుతూ వచ్చినందువలన వచ్చినది.

అంతవరకు కర్టెను కడ్డీలతో నిలబడిన గృహస్థు ఏమి చేయవలెను? దేశం పేరు చదవడంతో ఆగకుండా మరికొంత చదవవచ్చును. ఉక్కు జాతి, కాఠిన్యం, ఏ ప్రమాణానికి తయారైనదన్న వివరం చెప్పే కంపెనీలు ఉన్నాయి, చెప్పనివీ ఉన్నాయి. చెప్పడమే ఒక పూచీ. కరెంటు పనికి వాడే స్క్రూడ్రైవరైతే, పిడిపై రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్టులన్న అంకె, ఐఈసీ 60900 అన్న ప్రమాణం ఉన్నవా అని తప్పక చూడవలెను. ఆ ప్రమాణం ప్రకారం పనిముట్టును పది వేల వోల్టుల వద్ద పరీక్షిస్తారు. రంగు ప్లాస్టిక్ పిడికి, దానికి ఎంత తేడా ఉన్నదో తెలియక ప్రాణం మీదికి తెచ్చుకోవడం విజ్ఞత కాదు. ‘జీవితకాలపు హామీ’ అన్న మాటను మన్నికకు గుర్తుగా తీసుకోనక్కరలేదు. చేయడానికయ్యే ఖర్చు డాలరు లోపే అయినప్పుడు, విరిగినది తెచ్చిన నూటికి ఒకరికి కొత్తది ఇవ్వడం కంపెనీకి గట్టి ఉక్కు వాడడం కంటె చవక. ఏడాదికి వందసార్లు వాడే స్క్రూడ్రైవరు, ప్లయరు, టేపు, సుత్తి, ఈ నాలుగింటికి ధర చూడకుండా మంచివి కొనడం, ఏడాదికొకసారి వాడేదానికి చవకదానితో సరిపుచ్చుకోవడం సమంజసం.

పదేళ్ళకొకసారి వాడేవాటిని అసలు కొనకపోవడమే మేలు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగర గ్రంథాలయం 1979 నుండి పుస్తకాలతో పాటు పనిముట్లను కూడా అరువిస్తున్నది. తెలుగు సంఘాలకు ఇది కొత్త విద్య కాదు. ఉగాదికి, పెళ్ళిళ్ళకు కావలసిన గుండిగలు, పెద్ద గరిటెలు, మడత బల్లలు చాలా ఊళ్ళలో ఏదో ఒకరి గరాజిలో ఉమ్మడి ఆస్తిగా ఉండనే ఉన్నాయి. వాటి పక్కన ఇరవై నాలుగడుగుల నిచ్చెన, పలకరాళ్ళు కోసే యంత్రం, మురుగు గొట్టాలు శుభ్రపరచే పొడవాటి తీగ, గోడ వెనుక కట్టెను పసికట్టే పరికరం, ఒక మంచి సాకెట్ల పెట్టె చేర్చడానికి సంఘానికి అయ్యేది ఒక సాయంత్రపు అల్పాహారాల ఖర్చు. ఉమ్మడి సొమ్ముతో కొనేటప్పుడు పదిమందీ కూర్చొని ఉక్కు సంగతి, పేరు సంగతి విచారించే కొంటారు. ఊరి నుండి వచ్చిన పెద్దలలో కొలిమి చూసినవారు ఎవరైనా ఉంటే, ఆ కొనుగోలుకు వారిని వెంట తీసుకువెళ్ళవచ్చును.